ఎన్నో రోజు

ఆషాఢం సగమయినా రాప్తాట్లో గొర్రు కదల్లేదు. విత్తనానికి బుడ్డలు వొలిచి సంచుల్లో కట్టిపెట్టుకొని ఊరంతా మబ్బుల కోసం చూస్తున్న ఒక ఆదివారం, మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఈ వాదం జరిగింది. ఒకవైపు మా పెద్దనాయన. డెబ్బైకి దగ్గర పడినా ఎర్రనేలనూ దినపత్రికనూ రోజూ చదివే మనిషి. రెండోవైపు మా తమ్ముడు. ఎస్కేయూలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదు శివార్లలో ఒక మందుల కంపెనీలో పదిహేనేళ్ళుగా అణువులతో కుస్తీ పడుతున్నాడు. మధ్యలో బొరుగులు నములుతూ నేను.

కరోనా కొత్త రకం ఏదో వచ్చిందని పేపర్లో నాలుగు లైన్లు వేశారు. దాంతో మొదలయింది.

పెద్దనాయన: మళ్ళా వస్తాందంటరా. ఈసారన్నా మందు ఉండాదా, లేకుంటే మళ్ళా మా దుడ్లు గుంజే సీసాలేనా?

తమ్ముడు: ఉంది పెద్దనాయనా. వేరే రోగం మందు తెచ్చి దీనికి అంటగట్టింది కాదు, కరోనా కోసమే కొలతలు తీసి కుట్టిన మందు. 2021 డిసెంబరులో అమెరికాలో అనుమతి ఇచ్చినారు. నిర్మాట్రెల్విర్ అని పేరు. ప్యాక్స్‌లోవిడ్ అనే పెట్టెలో వస్తాది.

పెద్దనాయన: నోరు తిరగని పేరు పెడితే ధర ఎక్కువ చెప్పొచ్చు గదా. సరే, అదేం చేస్తాదో చెప్పు, నాకు అర్థమయ్యేటట్ల.

తమ్ముడు: ధర్మవరంలో అత్తోళ్ళ మగ్గం చూసినావు గదా. ఒకే పడుగు మీద వరసగా మూడు నాలుగు చీరలు నేస్తారు. నేసినంతసేపూ అది ఒకటే తాను. కత్తెర పడినాకనే చీర. ఈ వైరసు గూడా అంతే. మన కణంలో దూరినాక దానికి కావాల్సిన ప్రోటీన్లను విడివిడిగా నేయించదు. పొడుగ్గా ఒకే తాను నేయిస్తాది. దాన్ని పదకొండు చోట్ల కోసే కత్తెర గూడా ఆ తానులోనే ఉంటాది. మెయిన్ ప్రోటియేజ్ అంటాము. ఆ కత్తెర పట్టేసిందనుకో, ఎంత నేసినా ఒక్క చీర బయటికి రాదు.

పెద్దనాయన: మన ఒంట్లో గూడా కత్తెర్లు ఉంటాయి గదా. ఆ మందు వాటిని గూడా పట్టేస్తే?

తమ్ముడి మొహం వెలిగింది. వాడి ఆఫీసులో ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు కూడా ఈ ప్రశ్న ఇంత తొందరగా అడగరట.

తమ్ముడు: పనంతా అక్కడే ఉండేది. కరోనా కత్తెర గ్లుటమిన్ అనే గుర్తు దాటినాకనే కోస్తాది. మనుషుల్లో అట్ల కోసే కత్తెర ఇంతవరకు కనపడలేదు. ఆ తేడాను పట్టుకొని, కోయాల్సిన పోగు మాదిరే ఉండే చిన్న అణువును చేసినారు. కత్తెర దాన్ని పోగనుకొని నోట్లోకి తీసుకుంటాది. అణువుకు ఒక పక్క కొక్కెం ఉంటాది. అది పోయి కత్తెర అలుగులో ఉండే గంధకానికి తగులుకుంటాది. ఇంక కత్తెర మూసుకోదు, తెరుచుకోదు.

ఇది చెప్తూ వాడు నులకమంచం పోగు ఒకటి లాగి, పెద్దమ్మ తమలపాకులు కత్తిరించే కత్తెర సందులో దూర్చి చూపించాడు. కత్తెర నిజంగానే పట్టేసింది. ఆ పోగు పీకడానికి తర్వాత పెద్దమ్మ పది నిమిషాలు తిట్టుకుంది.

పెద్దనాయన: బాగుండాది. ఎప్పుడు కనుక్కున్నారు దీన్ని?

తమ్ముడు: దీనికి తాత లాంటి అణువు 2003లోనే పుట్టింది. అప్పుడు సార్స్ వచ్చింది గదా, అది గూడా కరోనానే. ఫైజర్ వాళ్ళు దాని కత్తెర మీద పనిచేసినారు. రోగం మాయమయింది. రోగం లేనప్పుడు మందు ఎవురు కొంటారని దాన్ని అటకెక్కించినారు. 2020లో కొత్తది వచ్చినాక చూస్తే, ఈ కత్తెర, ఆ కత్తెర నూటికి 96 పాళ్ళు ఒకటే. బిరబిరా అటక మీంచి దించినారు. అయితే ఆ పాతది నరానికి ఎక్కించాల్సింది. ఇంట్లో కూర్చొని మింగే మాత్ర కావాలని మళ్ళా మార్పులు చేసి, 2020 జూలైలో కొత్త అణువు తయారుచేసినారు. అక్కడ్నుంచి అనుమతికి పదిహేడు నెలలు. మందుల లెక్కలో అది గుర్రప్పరుగు. కానీ ముందరి పదిహేడేళ్ళు అటక మీద దుమ్ము పట్టకుండా ఉండింటే?

పెద్దనాయన: అటక సంగతి రైతుకు చెప్తాండావా? 2000 ఖరీఫ్ నీకు గుర్తుండదులే, బడికి పోతాంటివి.

నాకు గుర్తుంది. ఆ సంవత్సరం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

పెద్దనాయన: చేను పచ్చగా కమ్ముకోని ఉండె. నెలరోజులకు లేతాకులు మాడినాయి. కొన వాలిపాయ. కాండం మీద నల్ల చార కిందికి పాకె. మొక్క పీకి చూస్తే కాయ మీద గూడా నల్ల మచ్చలే. మొవ్వుకుళ్ళు అనుకుంటిమి, దానికి చెప్పిన మందే కొడితిమి. ఎంత కొట్టినా ఎండేది ఎండతానే ఉండె. అనంతపురం జిల్లాలో రెండు లక్షల పాతికవేల హెక్టార్లు పోయింది. మూడు వందల కోట్లకు పైన నష్టమన్నారు. ఇక్రిశాట్ నుంచి సైంటిస్టులు వచ్చి చూసి, ఇది వైరసు, పొగాకు మొక్క పేరు మీద ఉండే వైరసు, శనక్కాయకు కొత్తగా తగులుకున్యాది అనిరి. మందేంది సార్ అంటే, మందు లేదు అనిరి.

తమ్ముడు: మొక్కల వైరసులకు ఇప్పటికీ లేదు.

పెద్దనాయన: ఇను. మందు లేదు గానీ దారి చెప్పినారు. ఆ వైరసు ఉండేది గట్టు మీద వయ్యారిభామ పిచ్చిమొక్కలో. దానికి ఏ రోగం కనపడదు, నవనవలాడతా ఉంటాది. దాని పుప్పొడి గాలికి వచ్చి శనక్కాయ ఆకు మీద పడతాది. తామర పురుగు ఆకును గీరినప్పుడు ఆ గాటులోనించి లోపలికి పోతాది. అందుకని పూత రాకముందే వయ్యారిభామను పీకండి, చేను సుట్టూ జొన్న సాళ్ళు పెట్టండి, ఇత్తనానికి మందు పట్టించండి అనిరి. అది చేసి బతికినాము. మందు లేని రోగాన్ని గట్టు దగ్గర ఆపినాము. మీరేమో గట్టు వదిలేసి సీసా పట్టుకుంటిరి.

తమ్ముడు: నల్లబడిన మొక్కను నువ్వు పీకి పారేసినావు. మనిషిని పీకలేము గదా పెద్దనాయనా.

ఈ మాటకు ఆయన జవాబు చెప్పలేదు. తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేను తమ్ముడి వైపు ఉన్నాను. టీకా, మాస్కు, దూరం అన్నీ గట్టు దగ్గరి పనులే. ఎంత బాగా చేసినా చేలోకి కొంత వచ్చేస్తుంది. వచ్చేసిన మనిషికి ఏం పెడతావన్నది వేరే ప్రశ్న. ఇంతలో పెద్దమ్మ ఉగ్గాని పళ్ళేలు తెచ్చింది. ఆమెను చూడగానే వాదం, ఆమెకు కరోనా వచ్చిన 2021 మే నెలకు పోయింది.

పెద్దనాయన: మనిషిని పీకలేమని మాకు మాత్రం తెల్దా? అందుకే గదా ఆరు రెమ్‌డెసివిర్ సీసాలు తెచ్చింది. కేంద్రం చెప్పినాక డబ్బా మీద ధర, కంపెనీని బట్టి, 899 నుంచి 3,490 రూపాయల దాకా ఉండె. మాకు ఒక్కోటి ఇరవై వేలు. గాజులు పాయ. చీటీ రాసిన ఆసుపత్రోళ్ళు, "మీరే ఎట్లన్నా తెచ్చుకోండి" అనిరి.

తమ్ముడు: పెద్దమ్మ లేచి కూర్చుంది గదా!

పెద్దనాయన: సీసా పడనోళ్ళు లేచినారు, పడినోళ్ళు పోయినారు. ఒక చేను చూసి విత్తనం మంచిదని చెప్తావా? రేకులకుంట ఫారమోళ్ళు వస్తే ఏం చేస్తారు? ఒకే నేల, ఒకే వాన, ఒక మడిలో కే సిక్స్, పక్క మడిలో కొత్త రకం. రెండూ తూకం వేసినాకనే మాట. మీ పెద్దమ్మకు పక్క మడి యాడుండాది?

క్లినికల్ ట్రయల్ గురించి నేను చాలా వ్యాసాలు చదివాను. ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు.

తమ్ముడు: పక్క మడి వేసినారు పెద్దనాయనా. రెమ్‌డెసివిర్ పుట్టింది కరోనాకు కాదు. ఎబోలాకు వాడి చూసినారు, అక్కడ వేరే మందుల ముందు తేలిపోయింది. కరోనా వచ్చినాక 2020లో అమెరికా ప్రభుత్వం 1,062 మందితో పరీక్ష పెట్టింది. కోలుకునేదానికి 15 రోజులు పట్టేది 10కి తగ్గింది. తర్వాత డబ్ల్యూహెచ్‌వో చాలా దేశాల్లో వేల మందితో చూస్తే, చావుల్లో చెప్పుకోదగిన తేడా కనపడలేదు. 2020 నవంబరులో వద్దని సలహా గూడా ఇచ్చింది. 2022లో మళ్ళా కొందరికి వాడొచ్చని మార్చుకుంది.

పెద్దనాయన: అంటే మేము గాజులు అమ్మేటప్పటికే వద్దని చెప్పినారా?

తమ్ముడు: చెప్పినారు.

పెద్దనాయన: నువ్వు మాకు చెప్పినావా?

తమ్ముడు పళ్ళెంలోని మిరపకాయ బజ్జీని రెండు ముక్కలు చేసి, రెండూ తినకుండా పెట్టాడు. ఆ మే నెలలో ఇదే సీసా కోసం వాడు కూడా హైదరాబాదులో ఎంతమందికి ఫోన్లు చేశాడో నాకు తెలుసు. రసాయనం తెలిసినవాడి చేతులు కూడా భయానికి వణుకుతాయి.

తమ్ముడు: మందు చెడ్డది కాదు పెద్దనాయనా. ఎంత చమత్కారంగా చేసినారో ఇను. వైరసు తన జాతకం, ముప్పైవేల అక్షరాలు, కాపీ రాసుకుంటాది. మనం ఒక దొంగ అక్షరం అందిస్తాము. మామూలుగా అయితే కరోనాకు తప్పులు దిద్దే పంతులు ఒకడున్నాడు, వెంటనే కొట్టేస్తాడు. పాత మందులు చానా వాని చేతిలోనే పోయినాయి. రెమ్‌డెసివిర్ దొంగ అక్షరం పడినాక రాత వెంటనే ఆగదు, ఇంకో మూడు అక్షరాలు నడిచి అప్పుడు చిక్కుకుంటాది. తప్పు వెనకబడి పోయింటాది. పంతులు కంటికి ఆనదు.

పెద్దనాయన: (నవ్వి) దొంగ పనే.

తమ్ముడు: మోల్నుపిరావిర్ అని ఇంకోటి. అది రాత ఆపదు, తప్పులే పోగేస్తాది. ఆఖరికి కాపీ చెత్తవుతాది. మన దేశంలో 2021 డిసెంబరు 28న అనుమతి ఇచ్చినారు. నలభై గోళీలు 1,400 రూపాయలకే వచ్చింది. కానీ మన జన్యువుల్లో గూడా తప్పులు రాస్తాదేమోనని ఐసీఎంఆర్ వాళ్ళు జాతీయ మార్గదర్శకాల్లో పెట్టలేదు. అది వదిలేయి. ఈ సీసా సంగతి వేరే చెప్పాల. 2021 ఆఖర్లో ఇంకో పరీక్ష ఫలితం వచ్చింది. ఆసుపత్రిలో చేరని వాళ్ళు, ముప్పు ఎక్కువుండే వాళ్ళు, టీకా పడని వాళ్ళు 562 మంది. రోగం మొదలైన ఏడు రోజుల లోపల, వరసగా మూడు రోజులు ఎక్కించినారు. ఆసుపత్రి పాలయ్యే ముప్పు 87 శాతం తగ్గింది. అదే మందు. పెద్దమ్మకు ఎన్నో రోజు ఎక్కించినారు?

పెద్దనాయన వేళ్ళు మడిచాడు. జ్వరం వచ్చింది శుక్రవారం. మామూలు జ్వరమే అనుకొని మూడు రోజులు పారాసిటమాల్. నాలుగో రోజు శాంపిలిచ్చారు. ఏడో రోజు ఫోనుకు మెసేజ్. ఎనిమిదో రోజు ఆయాసం. తొమ్మిదో రోజు మంచం దొరికింది. ఇంటింటికీ తిరిగిన జ్వరం సర్వే వాళ్ళు వచ్చినప్పుడు "ఏమీ లేదమ్మా" అని పంపించింది కూడా పెద్దమ్మే, క్వారంటైనుకు తీసుకుపోతారన్న భయంతో.

పెద్దనాయన: పదో రోజు.

తమ్ముడు: వైరసు పెచ్చరిల్లేది మొదటి వారం. తర్వాత అది తగ్గతా పోతాది, దాని మీద మన ఒళ్ళు చేసే యుద్ధమే ఊపిరితిత్తులను కాలుస్తాది. అప్పుడు వైరసు మందు పోసి లాభం తక్కువ. ఆ దశలో ప్రాణం నిలబెట్టింది డెక్సామెథసోన్. 2020 జూన్‌లోనే ఇంగ్లండు పరీక్షలో తేలింది, వెంటిలేటర్ మీద ఉండేవాళ్ళ చావులను మూడో వంతు తగ్గించిందని. రూపాయల్లో వచ్చే పాత స్టెరాయిడు. దాన్ని గూడా మొదటి రోజుల్లోనే మింగితే చేటు.

పెద్దనాయన: అంటే, విత్తనానికి పట్టించాల్సిన మందును చేను నల్లబడినాక కొట్టినాము.

తమ్ముడు: అంతే.

పెద్దనాయన: మరి నువ్వు చెప్పే ఆ కత్తెర మాత్ర?

తమ్ముడు: అది గూడా ఐదు రోజుల లోపలే మొదలుపెట్టాల. పూటకు మూడు మాత్రలు, రోజుకు రెండు పూటలు, ఐదు రోజులు. మూడింట్లో ఒకటి రిటోనావిర్, పాత హెచ్ఐవీ మందు. అది వైరసును ఏమీ చేయదు, అసలు మందును మన కాలేయం బిరీన అరగదీయకుండా పట్టుకుంటాది. అందుకే నువ్వు మింగే కొవ్వు మాత్ర మాదిరివి కొన్ని ఆ రోజుల్లో ఆపమంటారు. మూడు రోజుల లోపల మొదలుపెట్టిన ముప్పు ఎక్కువోళ్ళలో, ఆసుపత్రులు, చావులు 89 శాతం తగ్గినాయి.

పెద్దనాయన: టీకా ఏసుకున్నోళ్ళలో?

తమ్ముడు: (కాస్త ఆగి) ముప్పు తక్కువోళ్ళలో, టీకా పడినోళ్ళలో చూసిన ఇంకో పరీక్షలో గట్టి తేడా తేలలేదు.

వాడు ఇది దాచొచ్చు, దాచలేదు. పెద్దనాయన కూడా అది గమనించాడనుకుంటా, గొంతు తగ్గించాడు. అయినా వదల్లేదు.

పెద్దనాయన: దీంట్లో మీ హైదరాబాదోళ్ళు కనుక్కున్నది ఏముంది? అన్నీ పక్కోళ్ళవే. మీరు వంటోళ్ళు.

తమ్ముడు: వంటోళ్ళమే. ఎయిడ్స్‌కు ఏజెడ్‌టీ మందు లక్షల్లో ఉన్నప్పుడు, ఐఐసీటీలో ఎ.వి. రామారావు గారి బృందం వేరే దారిలో చవగ్గా వండింది. 1993లో సిప్లా అమ్మింది. అట్లాంటి వంట వల్లనే ఆఫ్రికాలో మనుషులు బతికినారు. ఈ నిర్మాట్రెల్విర్‌కు గూడా డబ్ల్యూహెచ్‌వో నాణ్యత ముద్ర పడిన మొదటి జనరిక్ మన హెటెరోదే, 2022 డిసెంబరులో. ఒక అణువుకు కొత్త దారి కనిపెట్టి, చెత్త తగ్గించి, ధర తగ్గించేది చిన్న పని కాదు.

పెద్దనాయన: చిన్నదని నేననలే. ఏది వండుతాండారో చూడమంటాండా. ఫావిపిరావిర్ అని ఇచ్చిరే, మొదటి రోజు పద్దెనిమిది మాత్రలు. మింగలేక మీ చిన్నాయన ఏడ్చినాడు.

తమ్ముడు: జపానులో ఫ్లూ కోసం చేసింది. దాన్ని గూడా ఐఐసీటీ చవగ్గా చేసింది. చేసే దారి బాగుంది. కరోనాకు పనిచేస్తాదనే రుజువే గట్టిగా దొరకలేదు.

పెద్దనాయన: దాని కంటే కృష్ణపట్నం ఆనందయ్య నాటుమందు నయం. దుడ్లు తీసుకోలే.

తమ్ముడు: ఊరికే ఇస్తే మందవుతాదా? పరీక్షించి హాని లేదన్నారు, పనిచేస్తాదనే ఆధారం లేదన్నారు. పక్క మడి అన్నది నువ్వే గదా, అక్కడ పక్క మడి యాడుంది?

పెద్దనాయన: లేదు. (ఒప్పుకున్నట్టు తలాడించి) లేదులే. కానీ ఆ పొద్దు వేలమంది ఆడికి ఎందుకు పోయినారో అది గూడా రాసుకో. మీ సీసా చేతికి అందలే, ఆ ముద్ద అందింది.

ఇద్దరూ అలిసిపోయారనుకున్నాను. అప్పుడు తమ్ముడు, ఎవరూ అడగకుండానే, తన కోపం బయటపెట్టాడు. అన్ని కరోనాలకూ పనికొచ్చే మాత్రల కోసం, ఇంకా రాని రోగాల కోసం 2022లో అమెరికా ప్రభుత్వం తొమ్మిది పరిశోధన కేంద్రాలకు 57 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. కరోనా అయిపోయింది గదా అని 2025 మార్చిలో ఆపేసింది.

తమ్ముడు: మళ్ళా అటకెక్కించినారు పెద్దనాయనా. గబ్బిలాల్లో ఇంకా ఎన్ని కరోనాలుండాయో. కత్తెర ఒకటే. ఇప్పుడే చేసి పెట్టుకోవచ్చు.

పెద్దనాయన: చేసి పెట్టండి, నేనేమి వద్దంటినా. వాన వచ్చే ముందే గొర్రు సిద్ధం చేసుకుంటాము గదా. కానీ అబ్బోడా, నీ మాత్రకు ఐదు రోజులే గడువు. మొదటి రోజు ఎవురు చెప్తారు ఇది కరోనా అని? ఆ చెప్పే మనిషి రాప్తాట్లో ఉంటేనే నీ అణువు పనికొచ్చేది. ఆ ఏర్పాటు చేసేది ఎవురు?

తమ్ముడు దీనికి జవాబు వెతుకుతుండగా పెద్దమ్మ లోపల్నుంచి పాత బిస్కెట్టు డబ్బా తెచ్చి మంచం మీద పెట్టింది. "ఊకే సీసాలు సీసాలని అరుస్తాండారు, ఇవిగో సీసాలు." ఆరూ ఉన్నాయి. మందు నిజంగా ఎక్కించారో లేదో తెలియాలని పెద్దనాయన అప్పట్లో ఖాళీవి అడిగి తెచ్చుకున్నాడు. పెద్దమ్మ వాటిలో విత్తనాలు పోసి పెట్టింది. సొర, బీర, గోగు, మిరప. గాలి చొరబడని రబ్బరు బిరడా కదా, పురుగు పట్టదట.

తమ్ముడు ఒక్కోటీ తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. అలవాటు కొద్దీ లేబుల్ చదివాడు. నాలుగు చూసి కింద పెట్టాడు. ఐదోది తిప్పి తిప్పి చూశాడు. ఆరోది కూడా. కంపెనీ చిరునామాలో ఊరి పేరు దగ్గర వాడి బొటనవేలు ఆగిపోయింది.

"ఏందిరా?" అంది పెద్దమ్మ.

"ఏం లేదు పెద్దమ్మా. బ్యాచ్ నంబరు చూస్తాండా."

ఆమె పళ్ళేలు తీసుకొని లోపలికి పోయింది. పెద్దనాయన గొంతు తగ్గించి అన్నాడు: "అక్షరం తప్పు గదా. ఆ పొద్దు రాత్రే చూసినా. అప్పటికే ఎక్కించేసినారు."

"మరి ఎవురికీ చెప్పలేదేమి?"

"ఆమె ఆ సీసాలతోనే బతికినా అనుకుంటాది."

తమ్ముడు రెండు సీసాలనూ మిగతా వాటి మధ్యలో పెట్టి డబ్బా మూసేశాడు. లోపల్నుంచి పెద్దమ్మ కేకేసింది, ఆ సొర ఇత్తులు కింద పోయొద్దండి, వాన పడితే పెరట్లో పెట్టేది ఉండాదని.